మెట్టనేలలో ఉప్పునీటి తొట్టి

సాయంకాలము దిల్‌సుఖ్‌నగరు మెట్రో స్టేషను మెట్లు దిగి, చైతన్యపురి మీదుగా ఎల్.బి. నగరు కూడలి వైపు నడచువారికి, పుస్తకముల దుకాణములకును మిర్చిబజ్జీల బండ్లకును నడుమ అలంకారపు చేపలను అమ్ము దుకాణములు తగులుచుండును. గాలి నింపిన ప్లాస్టికు సంచులలో ఎఱ్ఱచేపలు వ్రేలాడుచుండును. చేతిసంచితో నడచు గృహస్థు వాటిని చూచి సాగిపోవును. కాని లోపలి మూల నీలికాంతిలో వెలుగు తొట్టి యొకటి యున్నచో కథ వేఱు. అందు నారింజరంగు మేనిపై తెల్లని పట్టెలు గల చిన్న చేప ఊయల యూగినట్లు ఈదుచుండును. పిల్లవాడు అచటనే నిలిచిపోవును. తండ్రి వెల యడుగును. చేప వెల వినగా పెద్ద భారముగ తోచదు. ఆ చేప బ్రతుకుటకు కావలసిన సముద్రము వెల ఎంతయో అచట ఎవరును చెప్పరు. నేటి ప్రసంగము దానిని గూర్చియే.

మన నగరము సముద్రమట్టమునకు సుమారు 540 మీటర్ల ఎత్తున నల్లరాతి మెట్టపై నున్నది. మనకు దగ్గఱి సముద్రమైన బాపట్ల తీరము, కాకి ఎగిరిన దారిని కొలిచినను, 250 కిలోమీటర్లకు పైబడిన దూరము. సూర్యలంక నుండి నాలుగు డబ్బాల సముద్రపు నీరు తెచ్చుకొనిన చాలదా యని మిత్రులు నన్ను పలుమాఱు అడిగియున్నారు. చాలదు. ఒడ్డు దరి నీటిలో బురదయు మురికియు కలసియుండును. కృష్ణా గోదావరుల వరదనీరు వచ్చి కలియు మాసములలో ఆ నీటి ఉప్పదనము బాగుగా తగ్గిపోవును. డబ్బాలో మూసి యెండలో తెచ్చిన నీటిలోని సూక్ష్మజీవులు దారిలోనే చచ్చి, ఇల్లు చేరునప్పటికి నీరు దుర్వాసన కొట్టును. కనుక ఇచట సముద్రమును తెచ్చుకొనుట కాదు, తయారుచేసికొనుటయే మార్గము.

ఈ వెఱ్ఱి మనతో పుట్టినది కాదు. 1846లో అన్నా థిన్ అను ఆంగ్ల వనిత టార్కీ తీరమున దొరకిన సజీవపు రాతిపగడములను జాడిలో పెట్టి లండను నగరమునకు తెచ్చుకొనినది. నీటిలో గాలి కలియనిచో అవి చచ్చునని యెఱిగి, పనిమనిషిచేత ప్రతిదినము ఆ నీటిని తెఱచిన కిటికీ యెదుట ఒక పాత్ర నుండి మఱియొక పాత్రకు అరగంటకు పైగా తిరుగబోయించెడిది. మన హోటళ్లలో టీ తిరుగబోసినట్లే యనుకొనుడు. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో ప్రజలు చూచుటకు చేపల గృహము తెఱచిరి. మఱుసటి యేడు ఫిలిప్ గాస్ వ్రాసిన గ్రంథముతో ‘అక్వేరియము’ అను మాట ఇంటింటికి చేరినది. నేడు మనము వందల రూపాయలు పోసి కొను పంపు చేయు పని ఆనాడు ఆ పనిమనిషి చేతులు చేసిన పనియే.

సామగ్రి మాటకు ముందు పగడముల మాట తేల్చుకొనవలెను. దుకాణదారు చెప్పక విడుచు సంగతి ఇందే యున్నది.

పగడమనగానే మనకు కుజునికి ధరించు ఎఱ్ఱని పూస జ్ఞప్తికి వచ్చును. అది ముఖ్యముగా మధ్యధరా సముద్రమునుండి వచ్చు వేఱొక జాతి. అది దిబ్బలు కట్టదు. సముద్రమున దిబ్బలు కట్టునవి రాతిపగడములు. ఒక్కొక్కటి చీమ తలంత మొదలు బొటనవ్రేలంత వఱకు ఉండు మెత్తని ప్రాణులు లక్షలుగా కూడి, నీటిలోని సున్నమును గ్రహించి తమ క్రింద రాతిగూడు కట్టుకొనును. వాటి మేనిలో కంటికి కనబడని శైవలము నివసించి, సూర్యకాంతితో ఆహారము వండి పెట్టును. అందుచేత వాటికి తేటనీరు, వెలుతురు, నిలుకడయైన వెచ్చదనము కావలెను. మన తెలుగు తీరమున పేర్కొనదగిన పగడపు దిబ్బలు లేకపోవుటకు పెద్ద నదులు తెచ్చు బురదయు మంచినీరును ముఖ్యకారణములు. భారతదేశమున అవి అండమాను నికోబారు, లక్షద్వీపములు, మన్నారు సింధుశాఖ, కచ్చి సింధుశాఖ యందు ప్రధానముగా కలవు. నీరు మామూలు వేసవి వేడిమికంటె ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారములు నిలిచినచో ఆ శైవలము వెడలిపోయి పగడము తెల్లబడును. 1998లోను 2016లోను మన దీవుల యందు ఇట్లే విస్తారముగా తెల్లబడినవి.

అందుచేత 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో 2001వ సంవత్సరమున రాతిపగడము లన్నిటిని, నల్లపగడములను, సముద్రపు విసనకఱ్ఱలను, వాటితోపాటు సముద్రపు గుఱ్ఱములను చేర్చిరి. అనగా పులియు ఏనుగును ఉన్న పట్టికలోనే పగడపు ముక్కయు ఉన్నది. 2022లో చట్టమును సవరించినప్పుడును దానికి ఆ రక్షణ పోలేదు. ఈ పట్టికలోని ప్రాణిని గూర్చిన నేరమునకు మూడేండ్లకు తక్కువ కాని కారాగారశిక్షయు, 25,000 రూపాయలకు తక్కువ కాని జరిమానాయు విధింపదగును. “అందఱును పెట్టుకొనుచున్నారు సార్, ఏమియు కాదు” అను మాట ఏ న్యాయస్థానమునను సమాధానము కాదు. ‘లైవ్ రాక్’ అను పేర అమ్ము రంధ్రముల రాయియు తఱచుగా చచ్చిన పగడపు గూడే. దానికి సైతము దూరముగ నుండుట మేలు. ఇతర దేశములనుండి వచ్చినదని చెప్పినచో దిగుమతి పత్రములు చూపుమని యడుగుడు. చూపలేనిచో నమస్కారము చేసి బయటకు రండు.

ఇంత చెప్పిన పిదప పగడపు దిబ్బ తొట్టి యెట్లు సాధ్యమని శ్రోతలు అడుగవచ్చును. నా అభిప్రాయమున మొదటి తొట్టికి పగడములే యక్కఱలేదు. కాల్చిన మట్టితో పగడపు రాతి ఆకృతిలో చేసిన రాళ్లు, వాటి సందులలో తిరుగు చేపలు, తొట్టి శుభ్రము చేయు రొయ్యలు, సన్యాసి పీతలు, నత్తలు, పచ్చని సముద్రపు నాచు — ఇవి చాలును. దిబ్బలోని జీవితమంతయు ఇందు కనబడును. పైగా, పగడమునకు కావలసిన తీవ్రమైన దీపముల ఖర్చును, నీటిలో సున్నము పాలు రోజును కొలిచి సరిచేయు శ్రమయు తప్పును.

ఇక తొట్టి. చిన్నది సులభమని తలచుట మొదటి పొరపాటు. నీరు ఎంత తక్కువయైన అంత త్వరగా వేడెక్కును, అంత త్వరగా చెడును. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు గలది మొదటివారికి తగును. దానిలో సుమారు 190 లీటర్ల నీరు పట్టును. గాజు 10 మిల్లీమీటర్ల మందమున నుండవలెను. అతుకులకు అక్వేరియముల కొఱకు చేసిన సిలికానే వాడవలెను. స్నానపు గదులకు వాడు, బూజు పట్టకుండ మందు కలిపిన సిలికాను చేపలకు విషము. తొట్టి, నీరు, రాళ్లు, బల్ల అన్నియు కలిసి 270 కిలోలు దాటును. మన అపార్టుమెంటులలో దీనిని బాల్కనీలో గాని, గది నడుమ గాని పెట్టరాదు. క్రింద దూలము పోవు గోడకు ఆనించి, గోడకు సమాంతరముగ పెట్టవలెను. పడమటి కిటికీ దరి అసలే వద్దు. బల్ల ఇనుముతో చేయించినచో ఉప్పు తుంపరలకు ఏడాదిలో త్రుప్పు పట్టును. రెండు మూడు పూతలు రంగు వేయింపుడు. లేదా నీటికి ఉబ్బని ప్లైవుడ్డుతో చేయింపుడు.

తొట్టి క్రింద బల్లలో మఱియొక చిన్న తొట్టి నుంచి, పై నీరు దానిలోనికి జాఱి మరల పంపుచేత పైకి పోవునట్లు అమర్చుట మంచిది. దీనికి కూడ ‘సంపు’ అనియే పేరు. మన యింటి ముంగిట నేలలో నుండు సంపునకును దీనికిని పేరు మాత్రమే కలిసినది. యంత్రము లన్నియు దీనిలో దాగి యుండును. కరెంటు పోయినప్పుడు పై నుండి జాఱు నీటిని పట్టుటకు దీనిలో ఖాళీ విడువవలెను. ఈ ఖాళీ మఱచినవారు ఒక రాత్రి హాలులో చెప్పులు తేలుట చూతురు.

నీటి సంగతి కొంచెము విస్తరించి చెప్పవలెను. మన తూర్పు పేటలకు కొళాయిలలో వచ్చునది చాలవఱకు కృష్ణజలము. నాగార్జునసాగరు జలములను అక్కంపల్లి జలాశయము నుండి కోదండాపురమున శుద్ధిచేసి, పెద్ద గొట్టముల ద్వారా మన ఎల్.బి. నగరు చెంతనున్న సాహెబ్‌నగరు రిజర్వాయరునకు ఎక్కింతురు. ఈ పథకపు తొలి దశ 2004లోను, రెండవది 2008లోను, మూడవది 2015లోను ముగిసినవి. త్రాగుటకు మంచి నీరే. కాని త్రాగునీటిలో క్రిములను చంపుటకు కలిపిన క్లోరిను చేపల మొప్పలను కాల్చును. అంతటితో తీరలేదు. అపార్టుమెంటు సంపులో కృష్ణజలము, బోరునీరు, వేసవి యైనచో ట్యాంకరు నీరు మూడును ఏకమగును. బోరునీటిలో నల్లరాతి పొరలనుండి కరగిన లవణములు, మురుగు ఊటతో చేరిన నైట్రేటు ఉండును. కనుక ఈ వారము నీరు ఒక విధముగను, వచ్చు వారము వేఱొక విధముగను ఉండును. అట్టి నీటిలో ఎంత మేలైన ఉప్పు కలిపినను ఫలితము చెప్పలేము.

దీనికి మందు ఒక్కటే. నీటిలోని సమస్తమును తీసివేసి, వట్టి నీటితో మొదలుపెట్టవలెను. మన వంటయింటి ఆర్.ఓ. యంత్రమే ఇందుకు మొదటి మెట్టు. కాని వంటయింటి యంత్రములలో రుచి కొఱకు కొంత లవణము నీటిలో నిలుపుదురు. ఆ అమరిక మనకు పనికిరాదు. ఆర్.ఓ. తరువాత డీఅయొనైజింగు గుళికల గొట్టమొకటి చేర్చి, బయటకు వచ్చు నీటిని టి.డి.ఎస్. మీటరుతో చూచినచో సున్న చూపవలెను. సున్న చూపుట మానినప్పుడు గుళికలు మార్చవలెను. ఒక లీటరు మంచినీటికి రమారమి మూడు లీటర్లు విడుపు నీరు పోవును. రోజు విడిచి రోజు కొళాయి వచ్చు కాలనీలో దీనిని కాలువ పాలు చేయుట పాపము. ఇల్లు తుడుచుటకు, అంట్లకు, వాహనములు కడుగుటకు పట్టియుంచుడు. తొట్టిని మించి, యంత్రములను మించి, ఈ శుద్ధజలపు ఏర్పాటునకే ముందుగా రూకలు కేటాయించుట మంచిదని నా దృఢమైన నమ్మకము.

ఉప్పు విషయమున ఒక పెద్ద అపోహ కలదు. సముద్రపు ఉప్పే కదా, కల్లుప్పు కలిపిన నేమి అని. నౌపడా కొటార్లలో ఉప్పు పండించుట చూచినవారు దీనికి తామే సమాధానము చెప్పగలరు. మడిలో సముద్రపు నీరు ఎండునప్పుడు ఉప్పుగా గడ్డకట్టునది ముఖ్యముగ సోడియం క్లోరైడు. మెగ్నీషియము మొదలగు చేదు లవణములు మిగిలిన నీటిలో నిలిచిపోవును. ఆ నీటిని రైతు వెలుపలికి విడుచును. అనగా కల్లుప్పు సముద్రములోని ఒక భాగమే కాని సముద్రము కాదు. లీటరు సముద్రజలములో సుమారు 35 గ్రాముల లవణములు కలవు. అందు మెగ్నీషియము సుమారు 1,300 మిల్లీగ్రాములు, కాల్షియము 400 మిల్లీగ్రాములకు పైన. ఇవన్నియు తగు పాళ్లలో కలిపిన ఉప్పును అమెరికాలో 1964 నుండి ‘ఇన్‌స్టంట్ ఓషన్’ అను పేర అమ్ముచున్నారు. నేడు అట్టివి పలు రకములు మన దుకాణములలో దొరకును. రాళ్లు ఆక్రమించిన చోటు పోగా మన తొట్టికి తొలిసారి ఆఱు ఏడు కిలోల ఉప్పు పట్టును. పిదప పక్షమునకొకసారి 20 లీటర్ల నీరు మార్చుటకు ఒక్కొక్కసారి ముప్పాతిక కిలో చాలును. చీలిన సంచి, గట్టిపడిన ఉప్పు తక్కువ ధరకు ఇచ్చినను తీసికొనరాదు.

కలుపు పద్ధతి యందును శ్రద్ధ కావలెను. బకెటులో నీరు పోసి, పంపు తిరుగుచుండగా ఉప్పును కొంచెము కొంచెముగ చల్లవలెను. ఉప్పుపై నీరు పోసినచో సున్నము తెల్లని ముద్దగా అడుగంటును. ఒక దినము కలియనిచ్చి కొలువవలెను. కొలుచుటకు రిఫ్రాక్టోమీటరు అను చిన్న దుర్భిణి కలదు. ఒక చుక్క నీరు గాజుపై వేసి వెలుతురు వైపు చూచినచో లోపల గీత కనబడును. అది 35 వద్ద నుండవలెను. సాంద్రతగా చెప్పినచో 1.025. ప్లాస్టికు ముల్లు గల చౌక పరికరములో ముల్లునకు ఒక్క బుడగ అంటినను లెక్క తప్పును. రిఫ్రాక్టోమీటరును సైతము నెలకొకసారి 35 పాలు గల ప్రమాణ ద్రవముతో సరిచూచుకొనవలెను.

ఇక అసలు శత్రువు వేడిమి. వైశాఖ జ్యేష్ఠములలో మన పేటలలో పగటి వేడిమి 40 డిగ్రీలు దాటుట పరిపాటి. డాబాపై అంతస్తు గదులలో అర్ధరాత్రి వఱకు గోడలు ఆవిరి వదలుచుండును. మన తొట్టి మాత్రము 25, 27 డిగ్రీల నడుమ నుండవలెను. దీనికి తోడు ప్రతి పంపును తాను త్రాగు కరెంటునంతటిని తుదకు వేడిమిగనే నీటిలో విడుచును; కనుక తక్కువ వాట్ల పంపు కొనుట బిల్లుకే కాక చేపలకును మేలు. వెచ్చని నీటిలో ప్రాణవాయువు తక్కువ కరగును. ఉప్పునీటిలో మంచినీటికంటె సుమారు అయిదవ వంతు తక్కువ. అందుచే మంచినీటి చేప ఓర్చుకొను వేడిమికి సముద్రపు చేప నోరు తెఱచి పైకి వచ్చును.

మన పెద్దలు వట్టివేళ్ల తడకలతోను, కుండలతోను చల్లదనము పొందిన విద్యయే ఇచట మొదటి ఉపాయము. నీటిపై చిన్న ఫ్యాను గాలి ఆడినచో నీరు ఆవిరియై చల్లబడును. ఒక లీటరు నీరు ఆవిరి యగుట 200 లీటర్ల తొట్టిని మూడు డిగ్రీలు చల్లబఱుపజాలును — బయటి వేడిమి వచ్చి చేరకున్నచో. మన వేసవి గాలి పొడిగాలి గనుక ఏప్రిలులో ఈ ఉపాయము చక్కగా పనిచేయును. వానలు పడి గాలిలో తేమ చేరిన పిదప అంతగా పనిచేయదు. అయినను 38 డిగ్రీల గదిలో ఫ్యాను ఒక్కటే చాలదు. చల్లదనపు గదిలో తొట్టి నుంచుటయో, ‘చిల్లరు’ అను శీతలయంత్రము కొనుటయో తప్పదు. చిల్లరు చిన్న రిఫ్రిజిరేటరు వంటిది. నీటి వేడిమిని తీసి గదిలోనికే ఊదును. మూసిన గదిలో దానిని పెట్టినచో తాను తీసిన వేడిని తానే మరల మ్రింగుచుండును. చిల్లరు కొను స్తోమత లేనివారు ఆ స్తోమత కలుగు వఱకు తొట్టి కొనకుండుట ఉచితము. ఇది కటువుగా తోచినను, మొదటి మే నెలలో చేపల నన్నిటిని పాఱవేయుటకంటె కటువు కాదు.

ఆవిరి యగునది నీరే. ఉప్పు లోపలనే నిలుచును. దినమునకు మూడు లీటర్లు తగ్గి వారము రోజులు మరల పోయకున్నచో 35 ఉన్న ఉప్పదనము 39 చేరును. కావున తగ్గినంత శుద్ధజలమునే, ఉప్పు కలుపకుండ, ప్రతిదినము పోయవలెను. మేడపై ట్యాంకులో బాల్‌వాల్వు చేయు పనిని చేయు చిన్న యంత్రము దీనికి దొరకును. ఊరికి పోవు అలవాటు గలవారికి అది విలాసము కాదు, అవసరము. శీతకాలపు రాత్రులకు 150 వాట్ల హీటరు చాలును. దానికి వేఱుగ నియంత్రణ యంత్రము తగిలింపుడు. హీటరులోని మీట అతుక్కొనిపోయి తెల్లవాఱుసరికి చేపలు ఉడికిన యిండ్లు కలవు.

విద్యుత్తు విషయమున నా స్వానుభవము చెప్పెదను. కొన్నేండ్ల క్రిందట ఒక మే నెల సాయంకాలము ఈదురుగాలితో వాన వచ్చి మా వీధిలో కరెంటు పోయినది. ఆ రాత్రి నాకు స్టూడియోలో విధి. ఇంటిలో ఇన్వర్టరు కలదు. దానికి ఫ్యాన్లు, దీపములు, టెలివిజను కలిపియుంటిని. తొట్టిలోని పంపును కలుపవలెనన్న తలంపు నాకు రాలేదు. రాత్రి యంతయు మావారికి ఫ్యాను తిరిగినది. చేపలకు నీరు తిరుగలేదు. తెల్లవాఱి వచ్చి చూతును గదా, ఏడాదిగ పెంచిన జంటలో ఒకటి అడుగున పడియున్నది, రెండవది పైపొరలో గాలికై ఆయాసపడుచున్నది. అదియు మధ్యాహ్నమునకు పోయినది. మా చిన్నది రెండు దినములు నాతో మాటాడలేదు. పదిహేను వాట్లు కూడ త్రాగని పంపును ఇన్వర్టరునకు కలుపుట అయిదు నిమిషముల పని. ఆ పనిని తొట్టిలో నీరు పోయుటకు ముందే చేయుడు. బ్యాటరీతో నడచు గాలిపంపు నొకదానిని బీరువాలో సిద్ధముగా నుంచుడు.

ఉప్పునీరు విద్యుత్తును మంచినీటికంటె ఎన్నో రెట్లు సులభముగ ప్రవహింపజేయును. ప్లగ్గుల పెట్టె తొట్టి క్రింద నుండరాదు. ప్రతి తీగయు ప్లగ్గుకంటె దిగువకు వ్రేలాడి పైకి పోవునట్లు అమర్చినచో తీగవెంట జాఱు చుక్క నేలపై పడును, ప్లగ్గులోనికి పోదు. 30 మిల్లీఆంపియర్ల లీకునకే కరెంటు తెంచు మీటను, సరియైన ఎర్తును ఎలక్ట్రీషియనుచేత పెట్టింపుడు. పిల్లలున్న ఇంటిలో దీనిపై వాదము లేదు.

వడపోతకు స్కిమ్మరు అను గొట్టము కావలెను. బెల్లము వండు చోట రసము పొంగునప్పుడు పైకి వచ్చు తెట్టెను గరిటెతో తీయుట చూచియున్నారు గదా! ఇదియు తెట్టె తీయు యంత్రమే. సన్నని బుడగలకు చేపల మలములోని జిడ్డు అంటి, గోధుమరంగు నురుగుగా పై గిన్నెలో చేరును. సన్నని బుడగలు ఉప్పునీటిలోనే నిలుచును గనుక మంచినీటి తొట్టిలో ఇది పనిచేయదు. పెట్టెపై వ్రాసిన సామర్థ్యములో సగమే నమ్మి కొనుడు. నీటిని అలలవలె కదలించుటకు చిన్న పంపులు రెండు, గంటకు తొట్టి నీటికి పదిరెట్లు త్రిప్పునవి, ఎదురెదురుగా పెట్టిన చాలును. దీపము మామూలు ఎల్.ఇ.డి. సరిపోవును, పగడములు లేవు గనుక వేలు పోసి నీలిదీపములు కొననక్కఱలేదు.

రాళ్లకు మన తాండూరు బండ వాడవచ్చునా యని కొందఱు అడుగుదురు. సున్నపురాయియే యైనను అది గట్టిపలక. దానిలో రంధ్రములు లేవు. మనకు కావలసినది రంధ్రములు. ఆ రంధ్రములలో కాపురము చేయు సూక్ష్మజీవులే అసలైన వడపోత. చేపల విసర్జనమునుండి పుట్టు అమ్మోనియాను ఒక జాతి నైట్రైటుగ, మఱియొక జాతి నైట్రేటుగ మార్చును. మొదటి రెండును చేపలకు విషములు. మూడవది కొంతవఱకు నిరపాయము, నీరు మార్చినప్పుడు పోవును. పాలలో తోడు వేసి పెరుగు తోడుకొను వఱకు కదపకుండునట్లే, తొట్టిలో ఈ జీవులను చల్లి, చిటికెడు చేపల మేత వేసి, చేపలు లేకుండ నాలుగు నుండి ఆఱు వారములు వేచియుండవలెను. పరీక్షద్రవములతో చూచినప్పుడు అమ్మోనియా, నైట్రైటు రెండును మొదట పెరిగి పిదప సున్నకు దిగవలెను. పరీక్షద్రవములు కొనునప్పుడు సీసాపై గడువు తేదీ చూడుడు. మా దుకాణముల అలమారలలో గడువు తీఱిన సీసాలు నిశ్చింతగా నిలిచియుండును.

చేపలలో మొదటి స్థానము ఆ నారింజ పట్టెల క్లౌనుఫిషునకే. కొచ్చి కేంద్రముగా గల కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు విళింజము, మండపము కేంద్రములలో దీనిని తొట్లలో పొదిగించి పెంచు విధానము సాధించిరి. లక్షద్వీపములలోని అగత్తి దీవిలో జాతీయ మత్స్య జన్యువనరుల బ్యూరోవారు అలంకారపు రొయ్యల పెంపకమున ద్వీపస్త్రీలకు శిక్షణ నిచ్చిరి. ఇట్లు తొట్టిలో పుట్టినదానినే అడిగి కొనుడు. సముద్రమున పట్టిన చేపలలో కొన్నిటిని, ముఖ్యముగ ఫిలిప్పీన్సు మొదలగు చోట్ల, సైనైడు చల్లి మైకము క్రమ్మించి పట్టుట 1960 ప్రాంతమునుండి ఉన్నదే. అట్టి చేప దుకాణములో హుషారుగనే కనబడి ఇంటికి వచ్చిన కొలది దినములకే చచ్చును. క్లౌనుఫిషునకు సముద్రపు పువ్వు తోడు లేకున్నను బ్రతుకగలదు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నదిగ జత కొనుడు. ఇవన్నియు మగవిగానే పెరిగి, గుంపులో పెద్దది ఆడుదిగ మాఱును. సమానమైన రెండింటిని వేసినచో ఆ పెద్దఱికము తేలు వఱకు కొట్టుకొనును. ఈ జతతో ఒక గోబీయు, ఒక బ్లెన్నీయు, రెండు శుభ్రపు రొయ్యలును చాలును. 2003 నాటి చలనచిత్రము చూచిన పిల్లలు నీలి సర్జను చేపను సైతము కోరుదురు. అది జానెడుకంటె పెద్దదగు, మైదానమువలె ఈదు చేప. మూడడుగుల తొట్టి దానికి చెఱసాల. రంగురంగుల మాండరిన్ చేప సజీవమగు సూక్ష్మపు పురుగులనే తినును గనుక క్రొత్త తొట్టిలో ఆకలితో మాడును.

కొనుటకు ముందు దుకాణదారుచేత ఆ చేపకు మేత వేయించి, తినుట కన్నులార చూడుడు. మొప్పలు వేగముగ కొట్టుకొనుచున్నను, మేనిపై ఉప్పు చల్లినట్లు తెల్లని చుక్కలున్నను విడిచిపెట్టుడు. ఇంటికి తెచ్చినదానిని రాళ్లు లేని వేఱొక చిన్న తొట్టిలో రెండు మూడు వారములు ఉంచి, ఆరోగ్యము తెలిసిన పిదపనే పెద్ద తొట్టిలో విడువవలెను. చుక్కల రోగమునకు వాడు రాగి మందు ఆ చిన్న తొట్టిలోనే వాడవలెను. పెద్ద తొట్టిలో ఒకమాఱు వేసినచో రొయ్యలు, నత్తలు అన్నియు చచ్చును; రాళ్లు పీల్చిన రాగి చాలకాలము వదలదు. మొదటి నెలలో రెండు చేపలకు మించి వేయకుడు. మేత రెండు నిమిషములలో తినునంత మాత్రమే వేయుడు.

మార్చి తీసిన పాతనీటిని గుఱించి ఒక మాట. మంచినీటి తొట్టి నీరు మొక్కలకు బలము గనుక ఆ అలవాటుచొప్పున దీనిని కూడ తులసికోటలో పోసిన యిల్లాండ్రు ఉన్నారు. వారమునకే తులసి ఎండినది. ఈ నీటిని మురుగు కాలువలోనే పోయవలెను. దానిలో ప్రాణులను, నాచును గాని కలిపి సరూర్‌నగరు చెఱువులో విడువరాదు.